పళ్ళాయన ఇంటికి నడిచొచ్చిన కుర్చీలు

మీరు టిక్కెట్టు కొనుక్కుని కూడా కచేరీకి వెళ్ళలేదనుకోండి, అక్కడ మీ కోసం వేసిన కుర్చీ ఏమవుతుందో ఎవరైనా చెప్పగలరా?

ఖాళీగా ఉండిపోతుంది అంటావు నువ్వు. ఇంకెవరో వచ్చి కూర్చుంటారు అంటుంది నీ చెల్లెలు. చాలామంది విషయంలో మీ ఇద్దరి జవాబూ సరైనదే. పళ్ళాయన విషయంలో మాత్రం ఆ కుర్చీ మర్నాడు పొద్దున్నే ఆయన ఇంటికి నడిచి వచ్చేసేది. కాస్త దగ్గరికి జరగండి, మొదటినించీ చెప్తాను.

పళ్ళాయనంటే పళ్ళు అమ్మే ఆయన కాదు, కట్టుడు పళ్ళు చేసే ఆయన. పళ్ళ డాక్టరమ్మ క్లినిక్ వెనకాల ఒక ఇరుకు గది ఉండేది. ఒక కిటికీ, ఒక బల్ల, బల్ల మీద మైనం కరిగించే చిన్న దీపం, గోడ పొడుగునా అరల్లో సున్నపు రంగు దవడలు. డాక్టరమ్మ ముందు గదిలో జనం నోటికి అచ్చు తీసి పంపేది. ఈయన అందులో ప్లాస్టర్ పోసి, ఆ ప్లాస్టర్ చిగుళ్ళు ఆరాక వాటి మీద మైనం పేర్చి, మైనంలో ఒక్కొక్క పన్నూ నిలబెట్టేవాడు. పైదవడా కిందిదవడా ఒక ఇత్తడి మడతబందుకి బిగించి, తెరుస్తూ మూస్తూ చూసేవాడు. ఆ గదిలోకి కొత్తగా వచ్చిన వాళ్ళకి, అరల్లో కూర్చున్న నోళ్ళన్నీ ఏదో చెప్పబోయి ఆగిపోయినట్టు కనిపించేది.

పని చాలా బాగా చేసేవాడు. చిక్కల్లా ఏమిటంటే మనిషికి నిలకడ లేదు. కూర్చుంటే మోకాలు ఊగేది, నిలబడితే వేళ్ళు ఊగేవి. అన్నం తింటూ మధ్యలో లేచి తలుపు గడియ చూసొచ్చేవాడు. ఆ మనిషికి ఉన్న ఒకే ఒక్క పిచ్చి సంగీతం. ఊళ్ళో ఎక్కడ కచేరీ ఉన్నా ముందే టిక్కెట్టు తెచ్చి అద్దానికి గుచ్చేవాడు. ఆ రోజు రానే వచ్చేది. పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేయించి కొక్కేనికి తగిలించేవాడు. సాయంత్రం అయిదింటికి, "ఈ ఒక్క సెట్టుకి మెరుగు పెట్టేసి వెళ్తాను" అనేవాడు. మెరుగు పెట్టాక ఒక పన్ను వంకరగా ఉన్నట్టు అనిపించేది. అది సరిచేస్తే దాని పక్కది. తల ఎత్తి చూసేసరికి హాల్లో జనం చప్పట్లు కొట్టి ఇళ్ళకి పోయేవాళ్ళు.

మర్నాడు పొద్దున్న గుమ్మంలో కుర్చీ ఉండేది.

"ఏమండీ, మీది వచ్చింది" అని వంటింట్లోంచి ఆయన భార్య పిలిచేది. ఒక్కోసారి పాల మనిషే చెప్పేవాడు: "మీ కుర్చీ మలుపులో గుంట దగ్గర ఆగిపోయిందండీ, కాలు ఇరుక్కున్నట్టుంది. ఎత్తి గట్టున పెట్టొచ్చాను, నెమ్మదిగా వస్తుందిలెండి." అన్నట్టుగానే తొమ్మిది లోపల వచ్చేసేది. కొన్ని ఇనప మడత కుర్చీలు, కొన్ని ప్లాస్టిక్‌వి, కొన్ని వెనక నంబరు రాసిన చెక్క కుర్చీలు. ఏ హాలు కుర్చీ ఆ హాలు తీరుగా ఉండేది. ఈ కథ జరిగేనాటికి అవి పంతొమ్మిది. ఆయన భార్య ఇంట్లో పిల్లలకి లెక్కలు చెప్పేది కాబట్టి కొన్నిటికి పని దొరికింది. మరికొన్ని డాక్టరమ్మ తన క్లినిక్‌లో వేయించుకుంది. ఒక్కటే ఇబ్బంది. సాయంత్రం ఆరయ్యేసరికి అవి ఎక్కడున్నా కిర్రుమంటూ కదిలి, అక్కడే వేదిక ఉన్నట్టు అన్నీ ఒకే గోడవైపు తిరిగేవి. పన్నునొప్పితో దవడ పట్టుకున్న వాళ్ళు కూడా కుర్చీతో పాటే తిరిగి, చేతిలో చీటీతో బుద్ధిగా గోడని చూస్తూ కూర్చునేవాళ్ళు.

వాటిలో ఎవరు కూర్చున్నా కుర్చీ కుర్చీయే. పళ్ళాయన కూర్చుంటే మాత్రం ఆ సాయంత్రం వినిపించేది. ముందు జనం చప్పుడు, సంచుల గలగల, ఎవరో దగ్గడం. తర్వాత వయొలిన్ తీగలు బిగించే చప్పుడు, శ్రుతి. ఆ తర్వాత నిశ్శబ్దం. అంతే. అక్కడితో ఆగిపోయేది. వెళ్ళనివాడికి అంతవరకే రాసిపెట్టి ఉందని ఆయన నమ్మకం. రోజూ ఏదో ఒక కుర్చీలో కూర్చునేవాడు, ఆ నిశ్శబ్దం దాకా విని, ఒళ్ళంతా చీమలు పాకినట్టై లేచి వీధిలో పచార్లు చేసేవాడు.

ఆ పంతొమ్మిదిలో నాలుగు ఒకే గాయనివి. ఆవిడని అందరూ పాటమ్మగారు అనేవాళ్ళు, నేనూ అలాగే అంటాను. కెమెరాలంటే ఆవిడకి గిట్టేది కాదు, ఒక్క కెమెరాని కూడా హాల్లోకి రానిచ్చేది కాదు. గొంతు వినాలంటే రికార్డులున్నాయి. ఆవిడ పాడుతుండగా చూడాలంటే మాత్రం వెళ్ళి ఎదురుగా కూర్చోవాల్సిందే. పళ్ళాయన నాలుగుసార్లు టిక్కెట్టు కొన్నాడు, నాలుగుసార్లూ వెళ్ళలేదు. మూడు కుర్చీలు వెనక వరసలవి, ఒకటి అయితే స్తంభం వెనకది. నాలుగోది మాత్రం మొదటి వరస, ఎర్ర మెత్త. ఆ రోజు ఆయన హాలు గేటు దాకా వెళ్ళాడు కూడా. గేటు దగ్గర, మైనం దీపం ఆర్పానా లేదా అని అనుమానం వచ్చింది. పరుగున వెనక్కి వచ్చి చూస్తే దీపం ఆరే ఉంది. మళ్ళీ పరుగున వెళితే తలుపులు వేసేశారు. అప్పటికి పాటమ్మగారికి నలభై ఏళ్ళు, ఈయనకి ముప్ఫై లోపు. ఆ కుర్చీలో ఆయన ఒక్కసారి కూడా కూర్చోలేదు. దుప్పటి కప్పి మంచం పక్కన పెట్టుకున్నాడు. సాయంత్రమైతే దుప్పటితో సహా అటు తిరిగేది.

ఇలా ఏళ్ళు గడిచాయి. ఒక సోమవారం పాటమ్మగారే క్లినిక్‌కి వచ్చింది.

అప్పటికి ఆవిడకి డెబ్భై దాటింది. పళ్ళు ఊడి, మూడేళ్ళుగా పాట మానేసింది. ఎక్కడో చేయించుకున్న పళ్ళున్నాయి కానీ, గొంతెత్తితే అవి జారేవి, "స" అన్న చోటల్లా ఈల వేసేవి. వచ్చే శనివారం ఆఖరి కచేరీ అని ఒప్పేసుకుంది. అయిదు రోజుల్లో కొత్త పళ్ళు కావాలి.

డాక్టరమ్మ వెనక గదిలోకి వచ్చి తలుపు దగ్గరకి వేసింది. "మాస్టారూ, మీకు కూర్చునే పనైతే చెప్పను, లేచిపోతారు. ఇది నిలబడి చేసే పనే. చేస్తారా?"

"ఆవిడ పళ్ళా?" అన్నాడాయన.

"ఆవిడవే. ఎవరివనుకుని చేస్తే తొందరగా అవుతాయో వాళ్ళవే అనుకోండి."

బుధవారానికల్లా మైనంలో పళ్ళు నిలబెట్టాడు. దీన్ని మైనం సెట్టు అంటారు, అసలుది చేసేముందు నోట్లో పెట్టి చూడటానికి. పెట్టుకున్నాక కొన్ని మాటలు పలికిస్తారు. పళ్ళాయన ఎవరిచేతైనా ఒకటే పాఠం చెప్పించేవాడు.

"అనండి అమ్మగారూ. సీసా. సున్నా. సన్నజాజి."

"సీసా, సున్నా, సన్నజాజి" అంది ఆవిడ శుభ్రంగా. "మాటకేం నాయనా, మాటకి పాతవీ బాగానే ఉన్నాయి. పాటకే అవి నాకు శత్రువులయ్యాయి." అని కళ్ళు మూసుకుని ఒక్క స్వరం పైకి తీసింది. మధ్యలోనే ఎడమవైపు పన్ను లేచి సన్నగా ఈల వేసింది. ఆవిడ సెట్టు తీసి అరచేతిలో పెట్టుకుని, దాన్నే చూస్తూ కూర్చుంది.

తప్పు ఎక్కడుందో పళ్ళాయనకి వెంటనే తెలిసింది. ఆయన చేసినవి మాట్లాడే నోటికి, నమిలే నోటికి. పాడేటప్పుడు దవడ ఇంకెటో వెళ్తోంది. ఎటు, ఎంత అన్నది తెలిస్తే ఆ మేరకు పన్ను అరగదీసి, అంచు తగ్గించి సరిచేయొచ్చు.

"పాడేప్పుడు మీ దవడ ఎటు జరుగుతుందమ్మగారూ?"

"నాకేం తెలుసు? నేనెప్పుడైనా నా ఎదురుగా కూర్చున్నానా?" అంది ఆవిడ. "ఇప్పుడు పాడి చూపిద్దామంటే పళ్ళు పట్టుకోడానికే సరిపోతోంది. పళ్ళు తీసేస్తే మూతి లోపలికి పోతోంది. నా కచేరీలు చూసినవాళ్ళని అడుగు నాయనా. నువ్వు చూసే ఉంటావుగా?"

పళ్ళాయన అరల్లో ఉన్న దవడల వంక చూశాడు. అవి సాయం రాలేదు.

"టిక్కెట్లు కొన్నానండి" అన్నాడు.

శనివారం పళ్ళు సరిపోకపోతే తాను వేదిక ఎక్కనని, ఈలలు వేయించుకుని ఇంటికి పోవడం కంటే అసలు హాలుకే పోకపోవడం మేలని ఆవిడ మెల్లగా చెప్పి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం పళ్ళాయన ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండానే స్తంభం వెనక కుర్చీలో కూర్చున్నాడు. జనం, దగ్గు, శ్రుతి, నిశ్శబ్దం. లేచాడు. వెనక వరస కుర్చీలో కూర్చున్నాడు. లేచాడు. మరోదాంట్లో కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు.

భార్య పిల్లల లెక్కలు దిద్దుతూ తల ఎత్తకుండానే అంది. "అలా గెంతితే ఎలా వినిపిస్తుందండీ?"

"నేను గెంతానా? గంటసేపు కూర్చున్నాను. అక్కడితో ఆగిపోతోంది. నువ్వు వినలేదు కాబట్టి తెలీదు."

"నాకు వినిపించదు నిజమే. గడియారం మాత్రం కనిపిస్తుంది. మీరు కూర్చున్నది నాలుగు నిమిషాలు. పెళ్ళయినప్పటినించీ చూస్తున్నాను, ఏ కుర్చీలోనూ అయిదో నిమిషం మీరు లేరు."

"నిశ్శబ్దం తర్వాత ఏమీ లేదంటుంటే?"

"ఆవిడ హాలు సద్దుమణిగే దాకా నోరు విప్పదని ఊరంతా చెప్పుకుంటారు కదండీ. ఒక్కడు కదిలినా ఆగుతుందట. ఆవిడ ఆగినట్టే కుర్చీ కూడా ఆగుతోందేమో. ఆగిపోయింది పాట కాదు, లేచిపోయింది మీరు."

పళ్ళాయన లేచి, ఒకసారి వీధి గుమ్మం దాకా వెళ్ళి, తిరిగి వచ్చి, మంచం పక్కనున్న కుర్చీ మీద దుప్పటి లాగేశాడు. పాట వినిపిస్తే మనిషీ కనిపించొచ్చు, కానీ మిగతా మూడింట్లో ఆవిడ నోరు కనపడదు. దవడ చూడాలంటే మొదటి వరసే దిక్కు.

"పిల్లల నోటుపుస్తకంలో ఒక కాగితం చింపియ్యవోయ్" అన్నాడు. "పెన్సిలూ."

కూర్చున్నాడు. భార్య వెనక నిలబడి రెండు చేతులూ ఆయన భుజాల మీద వేసింది. "లేస్తే ఊరుకోను" అంది.

జనం. సంచులు. దగ్గు. శ్రుతి. నిశ్శబ్దం. రెండో నిమిషానికి మోకాలు ఊగింది. నాలుగో నిమిషానికి ఆయన ఒళ్ళంతా పైకి లేవబోయింది. భార్య తన బరువంతా వేసి అదిమింది. ఆరు, ఏడు. మెడ మీద చెమట పట్టింది. పదో నిమిషం దాటాక మోకాలు దానంతటదే ఆగింది. అది ఆగిన క్షణాన ఎదురుగోడ ఉన్నచోట పాటమ్మగారు కూర్చుని ఉంది. నలభై ఏళ్ళ మనిషి, సొంత పళ్ళతో, మూడు గజాల దూరంలో. నోరు తెరిచింది.

భార్యకి వినిపించిందల్లా పెన్సిలు చప్పుడే. ఆయన కళ్ళు ఒకేచోట గుచ్చుకుని ఉన్నాయి. పాటకో అంకె వేస్తూ చెయ్యి గబగబా రాసుకుపోతోంది. "ఒకటి: నెమ్మది. దవడ కదలదు, కింది పెదవి మాత్రం. రెండు: పైకి వెళ్ళేటప్పుడు ఎడమకి, బియ్యపుగింజ మందం. మూడు: తొందర. నాలిక పై పళ్ళని తాకదు. నాలుగు: ఏడుపులాంటిది. దవడ ముందుకి. అయిదు: ఎడమకీ ముందుకీ ఒకేసారి. ఇదే." ఇదే అని రాసి కింద రెండు గీతలు గీసి, ఒక్క ఉదుటున లేచాడు.

"దొరికింది" అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళాక ఏదో గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు. ముందుకి ఎంతో సరిగ్గా చూసుకుందామని మళ్ళీ కూర్చున్నాడు. ఏమీ లేదు. దగ్గు లేదు, శ్రుతి లేదు. ఎర్ర మెత్త, చెక్క, నాలుగు కాళ్ళు. పాట మొదలయ్యాక మధ్యలో లేచిపోయినవాడి కోసం ఏ కుర్చీ మాత్రం మళ్ళీ మొదలుపెడుతుంది?

"పాట ఎలా ఉందండీ?" అని అడిగింది భార్య.

"ఏ పాట?" అన్నాడు పళ్ళాయన.

అన్నాక, ఆ మాట ఆయనకే వినిపించింది. ముప్ఫై ఏళ్ళకి పైగా దుప్పటి కప్పి దాచుకున్న సాయంత్రం. మూడు గజాల దూరంలో. ఒక్క స్వరం గుర్తు లేదు. దవడ మాత్రం కళ్ళకి కట్టినట్టు ఉంది, చిగుళ్ళ రంగుతో సహా. ఆ కుర్చీ పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. భార్య ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆయన చొక్కా జేబులో పెట్టింది.

గురువారమంతా ఆయన గదిలోంచి బయటికి రాలేదు. కాగితంలో రాసుకున్నట్టే ఎడమ పళ్ళు అరగదీశాడు, అంచు తగ్గించాడు, ఇత్తడి మడతబందుకి బిగించిన దవడని బియ్యపుగింజ మందం జరిపి, ముందుకి తోసి, మళ్ళీ మళ్ళీ మూసి చూశాడు. శుక్రవారం పొద్దున్న పాటమ్మగారు కొత్త సెట్టు పెట్టుకుంది. సీసా, సున్నా అనలేదు. నేరుగా స్వరం అందుకుంది. అది పైకి వెళ్ళింది, ఇంకా పైకి వెళ్ళింది, అక్కడ నిలబడింది. ఈల లేదు. ముందు గదిలో దవడలు పట్టుకున్నవాళ్ళు మూలగడం మానేశారు.

ఆవిడ చెంప తడుముకుంది. "ఈ దవడ నాకు తెలుసు నాయనా. ఇది ఇప్పటిది కాదు. ఎక్కడ దొరికింది నీకు?"

"మొదటి వరసలో అండి" అన్నాడాయన.

"రేపు కూడా ఆ వరసలోనే కూర్చో. ఖాళీ కుర్చీని చూస్తూ పాడటం నాకు చేతకాదు."

శనివారం అయిదింటికి ఇంకెవరిదో సెట్టు చేతిలో ఉంది. ఒక పన్ను వంకరగా ఉన్నట్టు అనిపించింది. డాక్టరమ్మ వచ్చి ఆ సెట్టు లాక్కుంది. "వంకరగానే ఉంది. ఆయనది పుట్టుకతోనే వంకర పన్ను, అలాగే కావాలన్నాడు. వెళ్ళండి మాస్టారూ."

భార్యా ఆయనా నడిచి వెళ్ళారు. సరిగ్గా హాలు గేటు దగ్గర పళ్ళాయన కాళ్ళు ఆగిపోయాయి.

"ఏమోయ్, మైనం దీపం ఆర్పానంటావా?"

"తెలీదండీ."

"ఒక్క పరుగున వెళ్ళి..."

"కాలితే కాలనివ్వండి. డాక్టరమ్మ అక్కడే ఉంది, చూసుకుంటుంది" అని ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. వీధి చివరివరకూ చూశాడు. పొగ లేదు. లోపల శ్రుతి మొదలైంది. ఆయన ఆ వెనక్కి వేసిన అడుగుని ముందుకి వేశాడు.

మొదటి వరసలో కూర్చున్నారు. పాటమ్మగారు వచ్చింది, కూర్చుంది, హాలు సద్దుమణిగే దాకా ఎదురు చూసింది. పళ్ళాయన మోకాలు ఊగుతూనే ఉంది. ఆవిడ చూపు ఆ మోకాలి మీదికి వచ్చి, అక్కడే ఉంది. అప్పుడు ఆగింది అది.

ఆవిడ మొదలుపెట్టిన పాట, గుమ్మంలో పంచిన జాబితాలో ఉన్న పాట కాదు. వయొలిన్ ఆయన కంగారుగా ఆవిడ వంక చూసి అందుకున్నాడు. ఆవిడ ముఖంలోనూ కాస్త ఆశ్చర్యం ఉంది, నోరే తనని తీసుకుపోతున్నట్టు. నెమ్మదైన పాట. దవడ కదల్లేదు, కింది పెదవి మాత్రం కదిలింది.

పళ్ళాయన చెయ్యి జేబులోకి వెళ్ళింది. కాగితం విప్పాడు. రెండో పాట పైకి వెళ్ళింది, దవడ బియ్యపుగింజ మందం ఎడమకి వెళ్ళింది. మూడోది తొందర. నాలుగోది ఏడుపులాంటిది. అది వస్తున్నంతసేపూ భార్య కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. ఆ దవడకి చేసిన పళ్ళు కాబట్టి అవి ఆ సాయంత్రాన్నే పాడుతున్నాయి, అదే వరసలో. ఈసారి ఆయన పళ్ళు చూడలేదు. ఒకటి రెండుసార్లు కళ్ళు అటు పోయాయి, వెనక్కి లాక్కున్నాడు. అయిదో పాట వచ్చింది. కాగితం మీద రెండు గీతలు గీసిన చోటు, ఆయన లేచిపోయిన చోటు. అలవాటుగా తొడల కండరాలు బిగిశాయి. పాట పైకి వెళ్ళి, నిలబడి, మెల్లగా దిగింది.

గీతల కింద కాగితం తెల్లగా ఉంది. తర్వాత ఏమొస్తుందో ఆయనకి తెలీదు. ముప్ఫై ఏళ్ళ కింద జరిగిపోయిన ఆ సాయంత్రంలో ఆరో పాట ఎవరెవరో విన్నారు, ఆయన వినలేదు.

పాటమ్మగారు గుక్కెడు నీళ్ళు తాగి, ఆయన వంక చూసింది. పళ్ళాయన రెండు చేతులతోనూ కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ ఆరో పాట అందుకుంది.

అది ఏ పాటని నన్నడిగితే ఎలా చెప్పను? అక్కడ కూర్చున్నవాళ్ళకి తెలుస్తుంది. నాకు తెలిసిందల్లా, ఆఖరి కచేరీ అన్న మాట ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. ఆ మర్నాడు పాల మనిషి ఖాళీ వీధి అటూ ఇటూ చూసి, పాలు పోసి వెళ్ళిపోయాడు.

ఇంక లేవండి. దిండు గలేబులకి గుండీలు సగమే కుట్టాను, వెలుగు పోతే సూదిలో దారం ఎక్కదు. నేను లోపలికి వెళ్తున్నాను.